శనివారం ఒక్కపొద్దు

మా అత్తమ్మకు చక్కెర జబ్బని తిరుమలగిరి డాక్టరు చెప్పిన నాటి నుంచి మా ఇంట్లో గాజు సిరంజి మరగని పొద్దు లేదు. చంటిదాన్ని చంకనేసుకుని నేనే సూది వేసేదాన్ని. "అయ్యిందా పంతులమ్మా?" అని అత్తమ్మ నా కాలేజీ చదువును ఎత్తిపొడిచేది.

నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చిన వారం, రైళ్లు ఆగి మా ఆయన వరంగల్‌లో చిక్కుకున్నారు. కబురు లేదు. ఆ శనివారం అత్తమ్మకు సూది వేసి, అన్నం పెట్టి, పిల్లను పడుకోబెట్టడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె గోడకు ఒరిగి ఉంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. కంచంలో అన్నం అట్లాగే ఉంది.

"తినలేదా అత్తమ్మా?"

"నా కొడుకు రావాలని ఒక్కపొద్దున్న."

సూది వేసుకుని తినకపోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ముందే హెచ్చరించాడు. ఆమెకు కనబడకుండా దాచిన చక్కెరను నేనే తీసి, నీళ్లలో కలిపి పట్టాను. ఆమె పళ్లు బిగబట్టింది.

"వాడు రాకుంటే పాపం నీదే."

"ఆ ఒక్కపొద్దు నేనుంట. మీరు తాగుండ్రి."

"పాలిచ్చేదానివి. ఉంటవా?"

"ఉంట."

అప్పుడు తాగింది.

మా ఆయన క్షేమంగా వచ్చారు. అయినా ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం ముద్ద కలిపే ముందు, "నువ్వు తినలేదు గదా?" అని అడిగేది. లేదంటేనే తినేది.

ఆమె పోయిన తర్వాతి శనివారం నాకోసం అన్నం వడ్డించుకుని కూర్చున్నాను. తినలేకపోయాను.