ఆమె క్లచ్ మీద నా కాలు

2023లో, వానలు తగ్గి రోడ్లు ఆరిన రోజుల్లో జరిగింది ఇది. నేను మాదాపూర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాను. ఇల్లు బోరబండ. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ముందే చెబుతున్నాను, నేను కోపిష్టిదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. ఎల్ బోర్డు పెట్టిన బండిలో రోజంతా ఈ ఊళ్ళో తిరిగి చూడండి, ఎవరి నోరు మంచిగా ఉంటుందో తెలుస్తుంది. ఆ ఎర్ర అక్షరం కనిపించగానే వెనకవాడికి పూనకం వస్తుంది. హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడు. వాడేదో తల్లి కడుపులోనే గేర్లు నేర్చుకుని పుట్టినట్టు.

అయితే ఈ సంగతిలో అందరికంటే ఎక్కువ తిట్టవలసింది నన్నే.

మా బండి గురించి రెండు మాటలు చెప్పాలి. నేర్పే కారులో డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే పక్క సీట్లో కూర్చునే నా కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేను తొక్కి బండిని కాపాడాలి. అవి ఉన్నది అందుకే. కానీ మా పనిలో ఎవరూ బయటకు చెప్పని అలవాటు ఒకటుంది. వాళ్ళు తడబడకముందే తొక్కేస్తాం. ఎత్తు మీద మరీనూ. ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి జారకుండా కదలాలంటే క్లచ్‌ను సగం వదిలి అక్కడే పట్టి ఉంచాలి. హాఫ్ క్లచ్ అంటారు. అది కాలికి రావాలంటే రోజులు పడుతుంది, ఇంజిన్ పదిసార్లు ఆగుతుంది, కొందరు ఏడుస్తారు కూడా. అదే మా కాలితో సర్దేస్తే బండి మెత్తగా కదులుతుంది. వచ్చేసిందండి మీకు అంటాం, వాళ్ళు నమ్ముతారు. పదిహేను రోజుల్లో కోర్సు అయిపోతుంది.

సుజాత గారు అలా పదిహేను రోజులు నా దగ్గర నేర్చుకున్నావిడ. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, ఐటీ కంపెనీలో ఉద్యోగం. లైసెన్స్ పెళ్ళికి ముందే తీసుకుని బీరువాలో పెట్టేశారు. బండి ఎప్పుడూ భర్తే నడిపేవారు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. మొదటి ఆరు నెలలే ముఖ్యం, ఒక్క రోజు కూడా పోగొట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడట. క్యాబ్ పిలిస్తే వచ్చేవాళ్ళు, మడిచిన వీల్‌చెయిర్ చూసి, ఆయన్ను పట్టుకుని ఎక్కించాలని తెలిసి, క్యాన్సిల్ కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అలా పోయిన రోజులన్నీ ఆవిడ వేళ్ళ మీద లెక్క చెప్పేవారు. వింటుంటే నా కడుపు మండేది. పైగా ఆవిడ మరిది ఒకడు. వదినా, ఈ వయసులో మీకెందుకు, ఎక్కడైనా గుద్దితే ఇద్దరూ పోతారు, కారు నాకు ఇచ్చేయండి అని ప్రతి ఆదివారం వచ్చి చెప్పి పోయేవాడు.

థెరపీ సెంటరుకు పోవాలంటే పై రోడ్డు ఎక్కాలి. స్తంభాల మీద వెళ్ళే టోల్ రోడ్డును మేమంతా అలాగే అంటాం. దాని టోల్ గేటు ర్యాంపు పైకొసన ఉంటుంది. రద్దీ ఉంటే వరస కిందిదాకా, ఏటవాలు మీదే నిలబడుతుంది. జరగడం, ఆగడం, మళ్ళీ జరగడం. హాఫ్ క్లచ్ రానివాడికి అంతకన్నా నరకం లేదు. చివరి మూడు రోజులు ఆవిడను ఆ ర్యాంపు మీదే తిప్పాను. చాలా బాగా నడిపారు. అంటే నా ఎడమకాలు చాలా బాగా నడిపింది.

తర్వాతి వారం, ఉదయం పదిన్నరకు, రెండు క్లాసుల మధ్య ఆ ర్యాంపు దగ్గరే చాయ్ తాగుతున్నాను. ఫోన్ మోగింది. సుజాత గారు.

"మేడం, ర్యాంపు మధ్యలో ఉన్నానండి. మూడుసార్లు ఆగిపోయింది, ఒకసారి వెనక్కి జారి వెనక కారుకు తగిలింది. మీ బండి నా మాట వినేదండి. ఇది వినట్లేదు."

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేశాను. బండి దోషం కాదని ఆవిడకు తెలియదు, నాకు తెలుసు.

ర్యాంపు మీదికి పరుగెత్తాను. పైన హారన్లు మోతెక్కిపోతున్నాయి. మెడలో ఐడీ కార్డు వేలాడే ఒకాయన, బంపరుకు చిన్న గీత పడినందుకు, ఆవిడ కిటికీ దగ్గర నిలబడి అరుస్తున్నాడు. రానప్పుడు ఇంట్లో కూర్చోవాలట, ఇది వంటిల్లు కాదట. లోపల సుజాత గారు హ్యాండ్ బ్రేక్‌ను రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. పక్క సీట్లో ఆవిడ భర్త. మాట రాదు కదా, ఎడమచెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, ఆగండి ఆగండి అన్నట్టు వెనకవాళ్ళకు అరచెయ్యి చూపిస్తున్నారు. ఇన్నేళ్ళు బండి నడిపిన మనిషి. ఆ చెయ్యి దించడం లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఏంది సార్, పుట్టంగనే స్టీరింగ్ పట్టుకొని వచ్చినవా? పో, పోయి నీ బండిల కూసో" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి అచ్చు వేసే మాటలు కావు. ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

టోల్ దగ్గరి ఆరెంజ్ జాకెట్ మనిషి వచ్చి, అక్కా, క్రేన్ పిలుస్తున్నా అన్నాడు. వద్దన్నాను. క్రేన్ ఆ బండిని ఎత్తుకుపోతే ఆవిడ మళ్ళీ స్టీరింగ్ ముట్టదు, మరిది మాటే గెలుస్తుంది, ఆయన థెరపీ అక్కడితో సరి. వెనక బండ్లను రెండు కార్ల దూరం వెనక్కి జరిపించి పది నిమిషాలు ఆపమని బతిమాలాను. నేను బతిమాలడం అరుదు. ఆయన ఆపాడు.

నేను స్టీరింగ్ అందుకుంటే రెండు నిమిషాల పని. ఆవిడ దిగబోయారు కూడా. నేను వద్దని వెనక సీట్లో కూర్చున్నాను. అక్కడ నాకు ఏ పెడలూ లేదు. ముందు నిజం చెప్పకపోతే ఇంక ఏం చెప్పినా కాలికి ఎక్కదు.

"మేడం, ఆ పదిహేను రోజులు ఎత్తు మీద క్లచ్ తొక్కింది నేను. మీరు కాదు."

ఆవిడ అద్దంలోంచి నన్ను చూశారు. "ఎన్నిసార్లండి?"

"ప్రతిసారి."

"మరి బాగా నడుపుతున్నారన్నారు."

"నేనే అన్న."

ఆవిడ చూపు రోడ్డు మీదికి తిప్పారు. చెప్పండి ఏం చెయ్యాలో అన్నారు. హ్యాండ్ బ్రేక్ అలాగే ఉంచమన్నాను. మొదటి గేరు వేసి, ఎడమకాలు మెల్లగా, గోరంత గోరంత వదలమన్నాను. ఇంజిన్ మోత బరువెక్కి, బండి ముక్కు కొంచెం లేచినట్టు అవుతుంది, అక్కడ కాలు ఆపి, కుడికాలితో యాక్సిలరేటర్ తొక్కి కొద్దిగా రేజ్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించమన్నాను. మొదటిసారి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. వెనక ఎవడో మళ్ళీ హారన్ కొట్టాడు. ఆవిడ భర్త చెయ్యి ఇంకా బయటే ఉంది. మూడోసారి బండి ముక్కు లేచింది, వణికింది, కదిలింది. గేటు దాకా ఇంకా నాలుగుసార్లు ఆగి కదలాల్సి వచ్చింది. నాలుగుసార్లూ ఆవిడే.

సెంటరు ముందు ఆయన్ను దింపి కుర్చీలో కూర్చోబెట్టాక ఆవిడ నా వైపు తిరిగారు. థ్యాంక్స్ చెబుతారనుకున్నాను, సిగ్గులేని దాన్ని.

"మీరు నన్ను మోసం చేశారండి. మీ మాట నమ్మి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను."

తేలు కుట్టిన దొంగలా ఆటో ఎక్కి వచ్చేశాను.

ఆ కోపమంతా మా ఓనర్ మీద పడింది. ఆయన నిమ్మళంగా, నేర్చుకునేటోళ్ళకు ధైర్యం ఇయ్యాలె కదా, నువ్వు కాలు పెట్టకపోతే మూడో రోజే మానేస్తరు అన్నాడు. నాకు ఇంకా మండింది. ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా కొత్తగా చేరిన ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌కు అదే మాట చెప్పింది నేను. ధైర్యం ఇస్తున్నామనుకున్నాం. అరువు కాలు ఇచ్చి ఇంటికి పంపుతున్నాం. పానా తెచ్చి నా వైపు క్లచ్ రాడ్ నేనే విప్పేశాను. బ్రేక్ ఉంచాను, అది ప్రాణానికి సంబంధించింది. బండి ఖరాబు చేసినవని ఓనర్ నెలరోజులు గులిగాడు. గులగనీ.

నాలుగో రోజు సుజాత గారు స్కూలుకు వచ్చారు. నవ్వలేదు. మళ్ళీ మొదటి నుంచి నేర్పమన్నారు, ఒక షరతు పెట్టారు. "మీరు ఏది తొక్కినా పైకి చెప్పాలండి. ప్రతిసారీ."

సరేనన్నాను. మొదటి రోజు 'బ్రేక్ తొక్కిన' అని పదకొండుసార్లు చెప్పాను. ఇంజిన్ ఎన్నిసార్లు ఆగిందో ఆవిడే లెక్కపెట్టుకున్నారు. హారన్లు కొట్టినవాళ్ళను నేను తిడుతూనే ఉన్నాను, ఆవిడ మాత్రం అటు చూడలేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ అదే షరతు నేనే ముందు చెబుతాను. పదిహేను రోజుల్లో అయిపోదని కూడా చెబుతాను. కొందరు పక్క స్కూలుకు పోతారు, పోనీ.

చివరి రోజు ఆవిడ సొంత కారులో పై రోడ్డు ఎక్కాం. నేను వెనక సీట్లో, ఆయన ముందు. గేటు వరస కిందిదాకా ఉంది. ఆరుసార్లు ఆగాం, ఆరుసార్లు కదిలాం. వెనకవాళ్ళు యథాప్రకారం హారన్లు కొట్టారు. ఆయన ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది, కిటికీ దాకా వెళ్ళలేదు. ర్యాంపు ఎక్కిన దగ్గర్నుంచి సెంటరు ముందు బండి ఆగేదాకా నేను నోరు తెరవలేదు.