మా బావ నిలబడే మూల

మొన్న మద్దిలపాలెం దగ్గర ఓ ఇండోర్ కోర్టులో నా పాత శిష్యులు పోటీలు పెట్టి, పెద్దవాడినని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆట మధ్యలో ఒక పిల్ల తల తిప్పకుండానే బంతిని కుడి మూలకు విసిరితే, నాకు తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచాను. అక్కడ అందుకునే మనిషి ఉంది. మళ్ళీ కూర్చున్నాను.

డెబ్భైలనాటి విశాఖ ఎరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బాస్కెట్‌బాల్ అంటే ఎండలో, సిమెంటు గచ్చు మీద, ఉప్పుగాలికి తుప్పుపట్టిన రింగు కింద ఆడే ఆట. సముద్రం మీద బతికే మా కుటుంబంలో ఒడ్డున జీతం తెచ్చుకున్న మొదటివాళ్ళం నేనూ, మా అక్క మొగుడూ. ఇద్దరం పొడగరులం, మా ఆట చూసి రేవులో ఉద్యోగాలిచ్చారు. పగలు గోడౌనులో పని, సాయంత్రం ప్రాక్టీసు. నేను బంతి నడిపేవాణ్ణి, బావ కుడి మూల నుంచి బుట్టలో వేసేవాడు. "సూడకుండా ఇసిరీరా, నానక్కడే ఉంతాను" అనేవాడు. ఉండేవాడు కూడా.

ఒక సెలవునాడు వాళ్ళన్న పడవలో మనిషి తక్కువైతే, ఒక్క పూటే కదా అని బావ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలివాన పట్టుకుంది. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి; ఆ పడవది చెక్కముక్కైనా దొరకలేదు. అక్క మాత్రం బొట్టు తీయడానికి ఒప్పుకోలేదు.

తర్వాతి పోటీల్లో నేను మళ్ళీ దిగాను. హోరాహోరీగా సాగుతున్న ఫైనల్లో, కుడిపక్క బావ బూట్లు గచ్చు మీద రాసుకున్న చప్పుడు స్పష్టంగా విని, చూడకుండా బంతి విసిరాను. అది ఎవరూ లేని చోట పడి, గెంతుకుంటూ గీత దాటిపోయింది. జనం నవ్వారు. మా జట్టువాళ్ళు నవ్వలేదు, నా ముఖంవైపు చూడనూ లేదు. ఓడిపోయాం. ఆ తర్వాతా అదే చప్పుడు, అదే పొరపాటు. చివరికి మా గురువుగారే మెల్లగా నన్ను పక్కన కూర్చోబెట్టారు.

ఇక బంతి ముట్టనని చెబితే, ఎండుచేపలు తిరగేస్తున్న అక్క తలైనా ఎత్తలేదు. "మీ బావొచ్చి, ఆటెందుకొదిలీసాడని అడిగితే నానేటి సెప్పాల?" అంది. ఆ మాటకే, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు ఆట నేర్పడంలో కుదురుకున్నాను.

ఎనభైలు సగం గడిచాక, వాళ్ళలో చురుకైన పిల్ల ఒకతె అడిగింది, "ఆ కుడి మూల ఎప్పుడూ ఎవల్నీ నిలబెట్టరేటండి సార్?" అని. నేర్పిన ప్రతి ఆటలోనూ ఆ చోటు వదిలేస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ పిల్లనే అక్కడ నిలబెట్టి, కళ్ళారా చూస్తూ బంతి విసిరాను. ఆమె అందుకుని బుట్టలో వేసి నవ్వింది. నేను మొహం కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరకు వెళ్ళిపోయాను. ఆ ఏడు మా పిల్లలు గెలిచారు. బూట్ల చప్పుడు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

ఇప్పుడు పడవలవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, తుఫాను కబురు ముందే తెలుస్తుంది. పిల్లలు చల్లటి హాల్లో చెక్కనేల మీద ఆడుతున్నారు, మంచిదే. మా గచ్చు మీద లారీలు ఆగుతున్నాయి. అక్క బొట్టుతోనే వెళ్ళిపోయింది, మా జట్టులోనూ ఎవరూ మిగల్లేదు. బావ ఎలా పైకి లేచి బంతి వేసేవాడో అప్పుడప్పుడు ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. చెబితే పిల్లలు మర్యాదగా వింటారు. "అవున్రా, నానూ సూసాను" అనేవాళ్ళే లేరు.