రజాయి కప్పిన పెట్టె

"ఆంటీ, నిజం చెప్పండి. పెట్టె మీద ఏమైనా కప్పారా?"

"ఏమీ కప్పలేదమ్మా. నీ పెట్టె సంగతి నాకేం తెలుసు?"

మెర్సీతో నా ఆఖరి మాటలు ఇవే. మూడేళ్లయింది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మేనకోడలు కరుణ రాస్తోంది.

మెర్సీ మా చర్చికి వచ్చే పిల్ల. చదువు ముగించి గ్రేటర్ నోయిడాలో బ్యాటరీల కంపెనీలో చేరింది. అదే మొదటి ఉద్యోగం. కరెంటు పోయినా గ్రైండర్ తిరిగేలా తను తయారుచేసిన బ్యాటరీ పెట్టెను, చలికాలమంతా వాడి చూడమని ఘాజియాబాద్‌లో నా గదిలో పెట్టింది. చుట్టూ జానెడు ఖాళీ ఉంచాలి, గాలి ఆడాలి అంది. "నాకే ఈ గదిలో గాలి ఆడదు, దానికెక్కడ తేను?" అన్నాను. పకపకా నవ్వింది.

నేను ఆసుపత్రి గేటు దగ్గర మన తెలుగు నర్సులకు ఇడ్లీలు అమ్ముతాను. ఇక్కడి చలికి పిండి పులవదు. రాయిలాంటి ఇడ్లీ ఎవరు తింటారు? ఛార్జింగ్‌లో పెట్టె వెచ్చగా ఉండేది. పిండి గిన్నె దాని మీద పెట్టి, రెండింటికీ కలిపి నేను కప్పుకునే దూది రజాయి చుట్టాను. పిండి పొంగింది. ఇక రోజూ అంతే. మెర్సీ కూడా తిని, అచ్చం మా అమ్మ చేతి ఇడ్లీ అంది. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు?

ఒక ఆదివారం చూస్తే పెట్టె పక్కలు ఉబ్బి ఉన్నాయి. రజాయి మడిచి దాచాను. పెట్టె మీద ఎండిన పిండిని గోటితో గీకాను. ఆ తర్వాతే ఫోన్ చేశాను. కప్పడం, పాడవుతుందని తెలియక చేశాను. గీకడం తెలిసే చేశాను.

మెర్సీ వెంట వాళ్ల సారు వచ్చాడు. "డిజైన్ హీ గలత్ హై", అసలు డిజైనే తప్పు అని నా ముందే మెర్సీని కసిరాడు. అప్పుడు మెర్సీ, అతనికి అర్థం కాకుండా, తెలుగులో నన్ను ఆ మాట అడిగింది. నా పరువు కాపాడుతూనే అడిగింది. నేను అబద్ధమాడాను.

కంపెనీలో ఆ పెట్టెల పని ఆపేశారు. మెర్సీ ఉద్యోగం పోయింది. చర్చికి రావడం మానేసింది. "ఆ పిల్లకి పని రాదంట" అని చర్చిలో అనుకుంటుంటే నేను తల ఊపాను. భయమా? భయమే అయితే తల ఎందుకు ఊపాను? చదువుకున్నది, ఎక్కడైనా బతుకుతుందిలే అనుకున్నాను. మొగుడు పోయినదాన్ని, నన్నెవరు అనుమానిస్తారులే అని ఆ జాలి వెనక దాక్కున్నాను.

ఈ కాగితం నీ చేతికే చేరాలి. క్షమించమని అడగను. నీ పనిలో తప్పు లేదు మెర్సీ. అది నీకు తెలియాలి.

కరుణా, ఎందుకే ఆగావు? ఏడవకు. నా మాటలు మెత్తగా మార్చి రాయలేదు కదా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు.