నా బదులు వెళ్ళిన బావ

ఈ ఉదయం తిరుత్తణిలోని మా ఆఫీసులో ఉగ్రవాద బాధితుల సంస్మరణ దినం జరిపారు. ఏటా జరిపేదే. కుడిచెయ్యి ముందుకు చాచి, తమిళంలో ప్రతిజ్ఞ చెప్పి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడతాం. మావాళ్ళకు మౌనం ఎక్కడ పట్టుబడుతుంది? నిమిషమున్నరకే ఎవరో ఒకరు దగ్గుతారు. ఈసారి కొత్త ఆఫీసరు మా అక్కను పిలిపించి శాలువా కప్పారు. పొదటూరుపేట నుంచి బస్సులో వచ్చిన అక్క, ఉతికిన నేతచీరలో బిగుసుకుని కూర్చుంది. పక్కన నేను, సిగ్గుతో తల ఎత్తలేక.

బావ పొదటూరుపేటలో మరమగ్గం నడిపేవాడు. తాను నవ్వకుండా మనల్ని నవ్వించే మనిషి. నాలుగక్షరాలు చదివానన్న పొగరు నాకుండేదని నన్ను 'కలెక్టరయ్యా' అని పిలిచేవాడు. నేను పళ్ళెంలో ఇడ్లీ మిగిలిస్తే, కలెక్టరయ్య దీనికి సంతకం పెట్టలేదే అంటూ తానే తినేసేవాడు. ఉద్యోగం రాకముందు నేను వాళ్ళింట్లోనే ఉండి, లుంగీల మూటలు బయటి ఊళ్ళ అంగళ్ళకు చేర్చేవాణ్ణి. ఒకనాడు దూరప్రయాణం పడింది. పొద్దున్నే లేవడానికి బద్ధకించాను, అంతే. ముసుగులోంచే జ్వరమన్నాను. "పండుకో సామీ, నేను పోయొస్తా," అని బావ మూట భుజానికెత్తుకున్నాడు. ఆ మధ్యాహ్నం అక్కడి బజారులో బాంబు పేలింది. ఆ ఊరి పేరు రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. అక్క ఒక్కతే మగ్గం నడిపి నన్ను ఈ ఉద్యోగందాకా తెచ్చింది. నా అబద్ధం సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. ఏటా ఆ రెండు నిమిషాలూ నాకు గుర్తొచ్చేది అదొక్కటే.

కార్యక్రమం అయ్యాక, బస్టాండులో చెప్పేశాను. "అక్కా, ఆ పొద్దు నాకు జరం లేదు."

అక్క శాలువా మడుస్తూనే ఉంది. "తెలుసురా. మీ బావ మూటెత్తుకొని బయల్దేరినాక కషాయం తెచ్చి నీ నుదురు ముట్టి చూస్తి. సల్లంగా ఉండె. నిద్రపోనీలే అని ఊరుకుంటి."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదే?"

"అడిగితే ఏమొస్తుంది? ఆయన పోయె. నువ్వూ యాడికన్నా పోతే, నేనెవురికి అన్నం పెట్టేది?"

పేట బస్సొచ్చింది. అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగాను. ఇన్ని సంవత్సరాలూ నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. తెలిసీ నోరు మెదపకుండా మోసింది అక్క.