వీపున సంచితో చెరకు కొట్టినవాడు

గుడియాత్తం దగ్గర మా మామ తోటలో చెరకు కొట్టడానికి ఒడిశా నుంచి వచ్చాడతను. వీపున సంచి దించకుండానే కొట్టేవాడు. ఆ సంచిని ఏనుగుకు తగిలించినా చతికిలబడేది.

"ఏమప్పా, సంచితోనే పుట్టినావా?" అన్నాను.

"ఈ తోట అయితానే ఇంటికి పంపిస్తానన్నాడు మమ్మల్ని కూలికి తెచ్చిన మేస్త్రీ. అమ్మకు బాగలేదు నాయనా. మాట్లాడదామంటే నా ఫోనూ ఆయన దగ్గరే ఉండాది."

ప్రతి తోటలోనూ మేస్త్రీ చెప్పే ఆ ఒక్క మాటే విని విని అతనికి తెలుగు మొత్తం వచ్చేసింది.

కోత ముగిసిన రోజు అందరికంటే ముందు లారీ ఎక్కి, కూర్చోకుండా నిలబడ్డాడు. నేను గట్టు మీద నిలబడి చూస్తుండగానే, రోడ్డెక్కిన లారీ కాట్పాడి రైల్వే స్టేషను వైపు కాక, పేర్ణాంబట్టు వైపు తిరిగింది.

"ఇంకొక్క తోటే అప్పా!" ముందు నుంచి మేస్త్రీ కేకేశాడు.

అతను మెల్లగా సంచి దించాడు. దించగా నేను చూడటం అదే మొదలు.