నేల తగలని కాళ్ళు

వ్యోమగాముల ఎముకల మీద పరిశోధన చేసే గాల్వెస్టన్ ప్రయోగశాలలో లర్లీన్ పని ఎలుకల్ని వేలాడదీయడం. తోకకు పట్టీ చుట్టి, వెనక కాళ్ళు నేలకు తగలకుండా పంజరం పైకప్పుకు ఉన్న కొక్కేనికి తగిలిస్తుంది. ముందుకాళ్ళతో అవి తిరుగుతాయి, తింటాయి. వెనక కాళ్ళు మాత్రం అంతరిక్షంలో ఉన్నామనుకుంటాయి. బరువు మోయని ఎముక మెల్లగా తనను తాను మరిచిపోతుంది. మూలుగలో ఎముకగా ఎదగాల్సిన మూలకణాలు దారి తప్పి కొవ్వవుతాయి. మైక్రోస్కోపులో ఆ కొవ్వు బుడగలు తెల్లగా ఉబ్బి కనిపించినప్పుడల్లా ఆమె కటకం మీంచి కన్ను తీసేస్తుంది. ఇన్నేళ్ళైనా అలవాటు కాలేదు.

ఇంటికొస్తే ఎల్రాయ్. ఓడరేవులో మూటలు మోసి రిటైరైన మొగుడు. వెన్ను ఆపరేషన్ గాయం ఎప్పుడో మానింది. అయినా, మీట నొక్కితే వాలి కాళ్ళెత్తే కరెంటు వాలుకుర్చీ దిగడు. తొడ ఎముక గుల్లబారుతోందనీ, నడవకపోతే విరిగి మంచాన పడతాడనీ డాక్టరు చెప్పాడు. పాదాలు పైకెత్తుకుని, పొట్ట మీద చిప్స్ పొడితో, పులిసిన చెమట వాసనతో అలాగే పడుంటాడు.

"బాత్రూం దాకా నడవలేవూ? సీసాలో పోస్తే నేను పారబొయ్యాలా?"

"బతుకంతా నిలబడే ఉన్నానే. ఇకనైనా కూర్చోనీ."

"మా ఎలుకలు నయం. వాటిని నేను కడితే వేలాడుతున్నాయి. నిన్నెవరు కట్టారు?"

"నాకు తోకేదీ?" అని నవ్వాడు. నవ్వుకు పొట్ట మీది పొడి రాలింది. లర్లీన్ ముఖం తిప్పుకుంది.

శనివారం పెరట్లో రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు కారం నీళ్ళలో ఉడకబెట్టింది. ఘాటు ఇల్లంతా అలముకుంది.

"ఇటు పట్రావే!"

ఆమె లోపలికొచ్చి కుర్చీ ప్లగ్గు పీకేసింది. అతను మీట నొక్కితే కుర్చీ కదల్లేదు.

"ఏమే, కరెంటు పోయిందా?"

"పోలేదు. నేనే పీకేశా. తినాలంటే పెరట్లోకి రా."

అతను ఆమెను తిట్టాడు, ఆమె పుట్టింటివాళ్ళనీ తిట్టాడు. చివరికి పక్కకు జారి, గోడ పట్టుకుని లేచాడు. వలిచిన రొయ్యల్లా తెల్లగా, మెత్తగా వణుకుతున్న పిక్కలు. కొక్కెం నుంచి దించిన ఎలుకలాగే, పాదం ఎలా పెట్టాలో తెలియక వేళ్ళ మీద ఒరిగాడు.

"చెయ్యివ్వవే."

"మడమ ఆనించు ముందు."

"పడి చస్తానే!"

"పడితే పడు. కుర్చీలో కుళ్ళడం మాత్రం నేను చూడలేను."

మడమ ఆనింది. ఒక అడుగు, ఒక బూతు. ఇంకో అడుగు, ఇంకో బూతు. గుమ్మం దాటి బల్ల చేరేసరికి చొక్కా తడిసిపోయింది. కూర్చోబోతే, లర్లీన్ బెంచీని కాలితో అవతలికి తన్నింది.

"నిలబడి తిను."