శుక్రవారం నూనె

కామయ్య ఎడమచేత్తో పిడి తిప్పుతూ కళ్లు మూసుకునేవాడు. పీపాలో సబ్బునీళ్లు అటూ ఇటూ పొర్లేవి, బట్టలు ఒకదాని మీదొకటి పడుతూ లేస్తూ గుడగుడమని ఒకటే పాట. ఆ పాట చెవినపడితే ఇక అతనికి ఆత్మకూరు లేదు, దొరసాని బంగళా లేదు, పెరట్లో చింతచెట్టు నీడ ఎటు జరిగిందో కూడా తెలీదు. ఎక్కడో చెరువు నిండుగా ఉండేది. గట్టు పొడుగునా తెల్లబట్టలు ఆరుతూ ఉండేవి. వాటి మధ్య నడిచే కామయ్యకు రెండు చేతులూ బాగుండేవి.

"నిద్రపోతాండావా ఏందయ్యా?" అని భార్య ఓబమ్మ అరిస్తే ఉలిక్కిపడేవాడు.

"లేదే, ఇంటాండాను," అనేవాడు.

అది అబద్ధమేమీ కాదు. కలలో ఉన్నా అతని చెవి మాత్రం పీపా దగ్గరే కాపలా కాసేది.

ధాతనామ సంవత్సరపు కరువులో చెరువుకట్ట పనికి పోయి, జారిన బండరాయి కింద కుడిభుజం నలగ్గొట్టుకున్నాడు కామయ్య. ప్రాణం దక్కింది గానీ చెయ్యి మాత్రం చెవి దాకా కూడా లేవదు. బట్టను తల మీదికెత్తి బండకేసి కొట్టలేనివాడు చాకిరేవులో ఏం చేస్తాడు? గడపలో కూర్చుంటాడు. కరువు పోయి వానలు పడ్డాక ఊరంతా లేచి పనుల్లో పడింది, కామయ్య మాత్రం గడపలోనే మిగిలాడు. ఊరి మూటలన్నీ ఓబమ్మే మోసింది, ఓబమ్మే ఉతికింది, ఇంటింటికీ తిరిగి కూడు అడుక్కొచ్చి మొగుడికి పెట్టింది. పెడుతూ ఏనాడూ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ అనకపోవడమే కామయ్యను లోపల్లోపల తినేసింది.

ఆ రోజుల్లోనే నెల్లూరు నుంచి బండి మీద ఆ పీపా దిగింది. మిషను బంగళాలో ఉండే దొరసాని దాన్ని ఓడలో తెప్పించుకుంది. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన కొయ్య పీపా, లోపల తెడ్లు, పక్కన ఇనప పిడి. తిప్పితే తెడ్లు తిరిగి బట్టలను కుమ్ముతాయి. పైన చెరుకు గానుగకు ఉన్నట్టు రెండు రోలర్లు, వాటికి బూడిదరంగు మెత్తటి తొడుగు. దాన్ని రబ్బరు అంటారని దొరసాని చెప్పింది. తడిబట్టను ఆ రెంటి సందులో పెట్టి తిప్పితే నీళ్లు కిందికి, బట్ట అవతలికి.

ఊరు పడీపడీ నవ్వింది. "ఇంకా నయం, అన్నం నమిలిపెట్టే పీపా తెప్పించలేదు!" అన్నారు. చాకలివాళ్లెవరూ దాని దాపులకు పోలేదు. కామయ్య మాత్రం గోడవతల నిలబడి ఆ పిడి వైపే చూశాడు. అది నడుము ఎత్తులో ఉంది. ఎడమచేత్తో తిప్పవచ్చు. చెయ్యి పైకెత్తే పనే లేదు. మర్నాడు వెళ్లి దొరసాని ముందు నిలబడి, "నేను తిప్పుతానమ్మగోరూ," అన్నాడు. అతని గొంతులో ఏం వినిపించిందో ఏమో, ఆమె సరేనంది.

ఆ పీపా ఒంటి జబ్బులన్నీ కామయ్య తానే కనిపెట్టి తానే నేర్చుకున్నాడు. ఖాళీగా ఎండితే చెక్కలు ముడుచుకుపోయి సందుల్లోంచి నీళ్లు కారతాయి, అందుకని పని లేనప్పుడు కూడా అడుగున నీళ్లు నిలిపి ఉంచేవాడు. గుడగుడ మధ్యలో టకటక వినిపిస్తే తెడ్డు చీల వదులైనట్టు, చింతకొయ్య చీల చెక్కి బిగించేవాడు. బట్ట ఒక అంచున పొడిగా, ఇంకో అంచున తడిగా వస్తే రోలర్లను బిగించే పైమర ఒక పక్క వదులైనట్టు. అన్నిటికీ మందు అతని దగ్గరే ఉండేది. దొరసాని ఇద్దరికీ గింజలు కొలిపించేది. ఓబమ్మ రేవుకు పోవడం మాని బంగళాలోనే గంజిపెట్టి ఇస్త్రీ చేసేది. సాయంత్రం మొగుడూ పెళ్లాలు పక్కపక్కన నడిచి ఇంటికొస్తుంటే కామయ్య తల ఎత్తుకుని నడిచేవాడు.

ఇంత మేలు చేసినదాన్ని ఊరికే వదిలేస్తాడా? చాకలివాళ్ల ఇళ్లలో బట్టలు ఉడికించే బానకు బొట్టు పెట్టి కులదేవుడు మడేలయ్యకు మొక్కనిదే పొయ్యి రాజేయరు. పీపాకు ఎవరున్నారు? దిక్కులేనిదాన్లా పరాయి పెరట్లో పడివుంది. కామయ్యకు జాలేసింది. దొరసాని శుక్రవారాలు పల్లెలోకి ఆడవాళ్ల ప్రార్థనకు పోయేది. ఆమె అటు పోగానే ఇతను పీపా కడిగి, బొట్టు పెట్టి, మంచి నువ్వుల నూనె తెచ్చి పిడికి, చెక్కలకు, రోలర్లకు పసిబిడ్డకు పట్టించినట్టు పట్టించేవాడు. ఆమె వచ్చేలోగా బొట్టు తుడిచేసేవాడు. నూనె మాత్రం ఉండనిచ్చి మర్నాడు పాతగుడ్డతో తుడిచేవాడు. ఇంట్లో తాళింపుకు లేకపోయినా పీపాకు నూనె తప్పలేదు.

కొన్ని నెలలకు రోలర్లు జిగటెక్కాయి. బట్టలు అవతలికి పోకుండా వాటికే చుట్టుకోసాగాయి. కామయ్య భయపడి ఇంకాస్త నూనె పట్టించాడు. మెత్తటి తొడుగు ఉబ్బింది, పెచ్చులు లేచింది, చివరికి దొరసాని దుప్పటిని పట్టుకుని నిలువునా చించి ఊరుకుంది.

దొరసాని చినిగిన దుప్పటి చేతిలోకి తీసుకుని ఆకాశం వైపు చూసింది.

"ఈ దేశపు ఎండ రబ్బరును కరగించినది. ఈ యంత్రము ఇక్కడ బ్రతకదు. నీలగిరిలో నా స్నేహితురాలు ఉన్నది, ఆమెకు పంపెదను," అంది.

ఆమె జలదంకి వైపు పల్లెలకు వెళ్లాలి. తిరిగొచ్చాక పీపా బండెక్కుతుంది. కామయ్య మళ్లీ గడపెక్కుతాడు. ఉదయగిరిలో కొయ్యపని వెంగయ్యాచారికి చూపిస్తానని అతను బతిమాలితే, "చూపించు. ఎండను ఎవరు బాగుచేయగలరు?" అని ఆమె జాలిగా నవ్వింది.

రోలర్లను గుడ్డలో చుట్టి ఎడమభుజాన వేసుకుని కామయ్య నడిచాడు. ఎండుగడ్డి మేస్తున్న గొర్రెలు, ఎర్రదుమ్ము, వంకల్లో ఇసుక. దుత్తలూరు దాటాక దూరంగా ఉదయగిరి కొండ నీలంగా కనిపించింది. ఎంత నడిచినా అది దగ్గరికి రాలేదు. తను నడుస్తున్నాడో, నిలబడివుంటే దారే కాళ్ల కింద జరిగిపోతోందో అతనికి అర్థంకాలేదు. చెవిలో గుడగుడ వినిపిస్తూనే ఉంది. ఒక్కోసారి మూటలోంచి ఎవరో మూలిగినట్టనిపించి, "వచ్చేశాంలే, వచ్చేశాం," అని ఓదార్చాడు.

కొండ కిందున్న ఇంట్లో వెంగయ్య తరిణె ముందు కూర్చుని ఉన్నాడు. భార్య ఆదిశేషమ్మ తాడు అటూ ఇటూ లాగుతుంటే కొయ్య గిరగిరా తిరుగుతోంది, అతని ఉలి కింద పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. పని ఆపి రోలరు అందుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. తర్వాత చివరనున్న ఇనప పట్టీ ఊడదీసి, దాని కింది తొడుగును కూడా నొక్కాడు.

"ఇది యాడుండిందిరా కామయ్యా?"

"పెరట్లో, ఎండలో ఆచారీ. ఎండకే చెడిపోయిందంట."

"ఎండకయితే ఇనుము కాలి, దాని కింద ముందు చెడాల. పట్టీ కింద గట్టిగానే ఉండాది చూడు. బయట కుళ్లిన పండు మాదిరుండాది. పట్టీ కిందికి పోలేనిది ఏదో బయట తగిలింది దీనికి." ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనె! ఎవురు పూసింది?"

కామయ్య కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "నేనే చంపినానా ఆచారీ? సాకినాననుకుంటిని గదా!"

"ఏడవబాక. ఇదేందో, దీని కులగోత్రాలేందో నాకూ తెలవదు. నాకు తెలిసింది కొయ్య. నీడన ఆరిన నర్ది కొయ్య ఉండాది, రెండూ తీసిస్తా. మెత్తదనానికి పైన గుడ్డ చుట్టుకో. గుడ్డ మార్చినప్పుడల్లా కొయ్యకు నూనె తాపు, లేకుంటే పగుల్తాది. దీనికయితే నీ ఇష్టమొచ్చినంత తాపు."

కొత్త రోలర్లు బిగించి తిప్పితే పాత దుప్పటి నీళ్లు కక్కుతూ అవతలికి పోయింది. రబ్బరంత సుఖంగా కాదుగానీ పోయింది. ఓబమ్మ చేటంత మొహంతో చూసింది. జరిగిందంతా మొగుడు చెప్పగానే మాత్రం ఆ మొహం మాడిపోయింది.

"దొరసాని దగ్గిర నోరు తెరిచినావంటే ఇద్దరం బజార్న పడతాం. ఆమె పెరట్లో బొట్టూ మొక్కూనా? ఎండనే అననీ. నీకేం పోయింది?"

కామయ్య సరేనన్నాడు. దొరసాని తిరిగొచ్చింది. కొయ్య రోలర్లను తడిమి చూసింది, తనే పిడి తిప్పి చూసింది, మెచ్చుకుంది కూడా.

"నీవు చాలా శ్రమపడితివి కామయ్యా. కాని రబ్బరు పోయినట్టే రేపు ఈ పీపా కూడా ఎండకు పోవును. నా స్నేహితురాలికి మాట ఇచ్చితిని. బండి వచ్చును."

ఓబమ్మ గోడ పక్కనుంచి కళ్లతోనే వద్దు వద్దంది. నోరు మూసుకుంటే తప్పు దాగుతుంది, పీపా పోతుంది. నోరు తెరిస్తే పీపా నిలవొచ్చు, తను పోవచ్చు. ఎవరు తిప్పినా ఫరవాలేదు, అది ఇక్కడ బతికుంటే చాలనిపించింది ఆ పిచ్చివాడికి.

"ఎండ కాదమ్మగోరూ," అన్నాడు. "దాన్ని చెడగొట్టింది నేను. శుక్రవారం శుక్రవారం నూనె పూసినాను."

"ఎందుకు పూసితివి?"

"మొక్కుకునేదానికమ్మా. నాకు మళ్లా కూడు పెట్టింది గదా. మా బానకు పెట్టినట్టే బొట్టు పెట్టి మొక్కినాను."

దొరసాని మొహం ఎర్రగా కందిపోయింది. "నా పెరటిలోనా?"

"మీ పెరట్లోనేనమ్మా. మీరు ప్రార్థనకు పోయినప్పుడు. ఎండ తప్పేం లేదు. పీపాను పంపొద్దండమ్మా. నన్ను పంపించండి."

ఆమె పీపా వైపు చూసింది. చింతచెట్టు మీద కాకి ఒకటి అరిచి ఊరుకుంది. చివరికి, "ఇక మీదట దానికి మొక్కరాదు," అంది.

"మొక్కనమ్మా. మడేలయ్య ఇంట్లో ఉండాడు, ఆడనే మొక్కుకుంటా."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. ఓబమ్మ గోడకు చేరగిలబడి, "అయిపోయింది, మన గింజలు తీరిపోయినాయి," అంది.

తలుపు మళ్లీ తెరుచుకుంది. దొరసాని రెండు చేతులా బుట్ట మోసుకుంటూ మెట్లు దిగింది. పల్లెలు తిరిగి ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన బట్టలన్నీ అందులో కుక్కి ఉన్నాయి. తెచ్చి కామయ్య ముందు పెట్టింది.

"రేపటికి కావలెను," అని వెళ్లిపోయింది.

కామయ్య ఎడమచెయ్యి పిడి కోసం గాలిలో వెతికింది. కళ్లనిండా నీళ్లు, ఏదీ కనబడలేదు. ఓబమ్మే వచ్చి ఆ చెయ్యి పట్టుకుని పిడి మీద పెట్టింది.